క్యాసెట్టులో ఎక్కించని మాటలు

లక్ష్మిప్రసన్న పెట్టె నేనే సర్దాను. సర్దుకోవడం ఆ పిల్లకు చేతకాక కాదు, నా చేతులు ఊరుకోక. మనామా బజారులో ఇద్దరం బేరమాడి తెచ్చిన నీలంరంగు చక్రాల పెట్టె అది. అడుగున చీరలు, వాటి మీద పంజాబీ డ్రస్సులు, ఒక దుప్పటి, పొట్లం కట్టిన పసుపు, తలనొప్పి మందు. ఊరగాయ వద్దని మేడమ్ ముందే చెప్పింది. అయినా చిన్న సీసాలో మాగాయ పెట్టి, మూతకు గుడ్డ బిగించి, మూడు ప్లాస్టిక్ సంచుల్లో చుట్టి చీరల మధ్య దాచాను. తర్వాత నూనె కారుతుందేమోనని భయం వేసి తీసేశాను. తీసేశాక, అక్కడ ఏం తింటుందోనని మళ్లీ పెట్టాను.

ప్రసన్న మంచం మీద కూర్చుని కాళ్లు ఊపుతూ చూస్తోంది.

"పిన్నీ, అది పెట్టె అనుకుంటున్నావా, పసిపిల్ల అనుకుంటున్నావా? ఎన్నిసార్లు ఇప్పి ఎన్నిసార్లు సుడతావు?" అంది.

అది 1996 జూన్ పదమూడు, గురువారం. మర్నాడు మధ్యాహ్నం వాళ్ల విమానం. వాళ్లంటే మేం పనిచేసే ఇంటి లావ్ సారు, మేడమ్, మేడమ్ తల్లి, వాళ్లతోపాటు ప్రసన్న. నేను కాదు.

అన్నిటికన్నా చివర ఒక క్యాసెట్టును జాకెట్టులో చుట్టి పక్క అరలో పెట్టాను. అందులో ఉన్నది నా గొంతే. చైనా వాళ్ల మాటలు, ఒక్కో మాట తర్వాత దాని అర్థం. ప్రసన్నకు చదువు రాదు కాబట్టి నేను నోటుబుక్కులో రాసుకున్నవి చదివి ఎక్కించాను. హాంకాంగ్‌లో ఆ మాటలతోనే తను బతకాలి. రెండేళ్ల కాంట్రాక్టు. ముసలమ్మ బాగోగులు సరిగ్గా చూస్తే ఉద్యోగం నిలుస్తుంది, ఇంకో రెండేళ్లు పొడిగిస్తారు. చూడలేకపోతే నేరుగా ఇంటికే. ఆ ఇంటికి వెళ్లడం కన్నా ఏదైనా నయం తనకు. ఎందుకో చెబుతాను.

క్యాసెట్టులో ఒక వైపే నిండింది. రెండో వైపు ఏముందని ప్రసన్న అడిగితే ఏమీ లేదన్నాను. ఏమీ లేకపోవడం నిజమే. ఉండవలసింది మాత్రం ఉంది, నా నోటుబుక్కు చివరి పేజీల్లో.

మేమిద్దరం రాజోలు వైపు వాళ్లం. ఊళ్లు వేరు, బంధుత్వం లేదు. బహ్రెయిన్‌లోని రిఫాలో, లావ్ గారింట్లో ఒకే గదిలో రెండు మంచాల మీద నాలుగేళ్లు పడుకున్నాం. నాకు అప్పటికి యాభై దగ్గర పడుతోంది, ఆ పిల్లకు పాతిక నిండలేదు. సారు అస్కర్ దగ్గర ఒక కంపెనీలో ఇంజనీరు. మేడమ్ చిన్నపిల్లల బడిలో పని చేసేది. వాళ్ల పిల్లలు హాంకాంగ్‌లోనే చదువుకునేవారు. ఆ పిల్లలు అమ్మమ్మను ఫోఫో అంటారు కాబట్టి మేమూ ఫోఫో అనేవాళ్లం. వంట, ఫోఫో పని నావి. తుడుపు, ఉతుకు, ఇస్త్రీ ప్రసన్నవి.

సారు, మేడమ్ మాతో ముక్కలు ముక్కలుగా ఇంగ్లీషు మాట్లాడేవారు. ఫోఫోకు ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. వాళ్ల భాష పేరు క్యాంటనీసు అని మేడమ్ చెప్పింది. మొదటి నెల ఫోఫో ఏదో అడిగేది, నేను ఏదో తెచ్చేదాన్ని. నీళ్లడిగితే దువ్వెన, దువ్వెనడిగితే దుప్పటి. ఆవిడ తల పట్టుకునేది. నేను కొంగు నోట్లో కుక్కుకునేదాన్ని.

నేను బడికి పోలేదు. పకోడీల పొట్లాలూ, గోడల మీద ఎన్నికల రాతలూ చూసి అక్షరాలు పోల్చుకున్నాను. ముప్పై ఏళ్లు వచ్చేసరికి వారపత్రిక మొదటి పేజీ నుంచి ఆఖరి పేజీ దాకా చదివేదాన్ని. అలా వచ్చిన చదువు కాబట్టి ఏ మాటైనా కాగితం మీద పెట్టుకుంటే తప్ప నాది అనిపించదు. కోల్డ్ స్టోర్ అనే వీధి కిరాణా కొట్లో ఒక నోటుబుక్కు కొని, ఫోఫో మాటలు తెలుగు అక్షరాల్లో రాయడం మొదలుపెట్టాను. చోసన్ అంటే పొద్దున్నే చేసే దండం. సిక్ ఫాన్ అంటే అన్నం తినడం. యిత్ సోయ్ వేడినీళ్లు. సాయ్ సామ్ బట్టలుతకడం. ఫైతి అంటే త్వరగా. తాంగ్ చన్ అంటే కాస్త ఆగు. మన అక్షరాల్లో మాట పడేది గాని రాగం పడేది కాదు. ఒకే మాటను పైకి ఎత్తి పలికితే ఒకటి, కిందికి దించి పలికితే మరొకటి. అందుకని ప్రతి మాట పక్కన గీతలు గీసేదాన్ని, ఎక్కేది, దిగేది, పడుకున్నది.

వాళ్లకు కృతజ్ఞత చెప్పే మాటలు రెండున్నాయి. పని చేసి పెడితే మ్‌గోయ్. వస్తువు ఇస్తే తోచె. మంచినీళ్లు అందించినప్పుడల్లా ఫోఫో మ్‌గోయ్ అనేది. ఒకసారి నేను కొబ్బరుండలు చేసి, నా చేత్తో తీసుకెళ్లి ఇచ్చాను. ఒకటి కొరికి నా వంక చూసి, తోచె అంది. పనిమనిషికి మ్‌గోయ్‌లు ఎన్నైనా దొరుకుతాయి, తోచె దొరకదు. ఆ రోజు మాట పక్కన తేదీ కూడా వేసుకున్నాను.

మేడమ్ ఒక వంద మాటలు నేర్చుకుంటే చాలంది. ఏడాది తిరిగేసరికి నా పుస్తకంలో నాలుగు వందలు దాటాయి. అస్కర్ క్యాంపు నుంచి గ్యాసుబండలూ సామానూ తెచ్చిపడేసే పికప్పు డ్రైవరు నర్సింగ్, జగిత్యాల వైపు వాడు, గల్ఫ్ దేశాలన్నిటినీ దుబాయే అంటాడు, వంటింటి గుమ్మంలో నిలబడి ఆ పుస్తకాన్ని చూసి నవ్వేవాడు.

"అక్కా, దుబాయి మొత్తంల నీ అసుంటి పంతులమ్మ లేదు. మా ఫోర్మన్ తాన నేను సుత చీనోల్ల మాటలు నేర్సుకున్న. గని అవి నీకు జెప్పద్దు, నీ పుస్తకం ఖరాబైతది."

అతను నేర్చుకున్నవి బూతులేనని మాకు తెలుసు. ఒకరోజు ప్రసన్న బతిమాలి ఒకటి చెప్పించుకుని, అదేదో పలకరింపు అనుకుని ఫోఫోతో అనేసింది. ముసలావిడ కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వి, ఆ తర్వాత చెంప మీద మెల్లగా ఒకటి వేసింది.

నేను పుస్తకంలో చూసి చెబుతుంటే ప్రసన్న నేర్చుకునేది. ఇస్త్రీ చేస్తూ వల్లె వేసేది. నాకన్నా నాలుక బాగా తిరిగేది తనకు. రాగం నేను గీతలు గీసుకున్నా తప్పేదాన్ని, తను విని పట్టేసేది. నాకు ఒళ్లు మండేది. ఇప్పుడు రాస్తున్నాను కాబట్టి ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

అన్నిటికన్నా ముందు నేను నేర్పిన మాట హో. అంటే సరే, బాగు. మా గోదావరి వాళ్లకు పెద్దవాళ్లు ఏం చెప్పినా 'ఆయ్' అనడం అలవాటు. ఒప్పుకున్నామని కాదు, చేస్తామని కూడా కాదు. వింటున్నామండి, మీరు చెప్పండి, అని. అర్థం కాకపోయినా ఆయ్ అనవలసిందే. మళ్లీ చెప్పండి అని అడిగితే ఎదురు మాట్లాడినట్టు. ఆయ్ అనే చోటల్లా హో అను, వాళ్ల మనసు చల్లబడుతుంది, అర్థం తర్వాత చూసుకోవచ్చు, అని నేనే చెప్పాను. ప్రసన్న నోట హో కూడా ఆయ్ అంత వినయంగా వచ్చేది. మేడమ్ మురిసిపోయేది. ఈ అమ్మాయికి అంతా అర్థమవుతుంది అనేది.

మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా ఇల్లు నిశ్శబ్దంగా ఉండేది. ప్రసన్న వెనక గదిలో ఇస్త్రీ చేస్తుంటే నేను ఫోఫో కాళ్లు పట్టేదాన్ని. ఆవిడకు గుండె జబ్బు. ఒంట్లో ఎక్కడ ఏమవుతోందో చెప్పుకోవడానికి ఆ రెండు గంటలూ నేనొక్కదాన్నే దొరికేదాన్ని. నా చెయ్యి తీసుకుని తన ఛాతీ మీద పెట్టుకుని, సమ్‌హావ్ తుంగ్ అనేది. ఛాతీ నొప్పి. తల మీద పెట్టుకుని, వన్. తిరుగుతోంది. నోరు తెరిచి గాలి లాగి చూపించి, థావ్ మ్ తో హేయ్. ఊపిరి ఆడడం లేదు. నా చేత పదిసార్లు అనిపించేది. రాగం తప్పితే మోకాలి మీద కొట్టేది. డాక్టరును ఏమంటారో నేర్పింది, యీ సాంగ్. భయాన్ని కెంగ్ అంటారని నేర్పింది. ఇంటికి వెళ్లిపోవాలి అనేది ఫాన్ ఉక్‌ఖేయ్. అది నేర్పిన రోజున కిటికీలోంచి ఎండ చూస్తూ కూర్చుండిపోయింది.

ఈ మాటలు నోటుబుక్కు వెనక నుంచి రాసుకున్నాను, పని మాటలతో కలవకుండా. సమ్‌హావ్ తుంగ్ అని ఆవిడ నిజంగా నొప్పి వచ్చి అన్నది ఆ నాలుగేళ్లలో రెండే రెండుసార్లు. రెండుసార్లూ నేను వెంటనే మేడమ్ బడికి ఫోన్ చేశాను. రెండుసార్లూ డాక్టరు వేళకు వచ్చాడు.

నాకు మనుషులు వెళ్లిపోవడం అలవాటే గాని అలవాటు పడలేదు. మా అమ్మ పుట్టింటికి పురుడు పోసుకోవడానికి వెళ్లి రాలేదు. నా భర్త సముద్రం మీద చేపల వేటకు వెళ్లి రాలేదు. నా కూతుర్ని పచ్చకామెర్లతో కాకినాడ తీసుకెళ్లి నేనొక్కదాన్నే బస్సు దిగాను. అప్పటి నుంచి ఎవరైనా గుమ్మం దాటితే ఉన్నచోట కూర్చోలేను. గ్యాసు కట్టేశానో లేదో నాలుగుసార్లు లేచి చూసుకుంటాను, తలుపు గడియ ఆరుసార్లు. ఫోఫో దగ్గర కూర్చున్నప్పుడు మాత్రం లేవాలనిపించేది కాదు.

1996 మార్చిలో మేడమ్ మా ఇద్దర్నీ పిలిచి చెప్పింది. సారు పని అయిపోతోంది, జూన్‌లో వెళ్లిపోతున్నాం, మీలో ఒకరికే హాంకాంగ్ వీసా పెట్టగలం. అమ్మను చూసుకునే మనిషి కావాలి. అక్కడ మేమిద్దరం పొద్దున్నే వెళ్తే చీకటి పడ్డాకే వస్తాం, కాబట్టి అమ్మ మాట తెలిసిన మనిషి కావాలి. ఎవరన్నది రెండు నెలల్లో చెబుతాను.

ఎవరన్నది నాకు అప్పుడే తెలుసనుకున్నాను. ఫోఫో మాట నాకన్నా ఎవరికి తెలుసు? ఆ మధ్యాహ్నం ఫోఫో కాళ్లు పడుతూ, మీతో వస్తాను అని నాకు వచ్చిన ముక్కల్లో చెప్పాను. ఆవిడ హో, హో అంది.

ప్రసన్న ఆ రోజు అన్నం తినలేదు. గదిలోకి వచ్చి నా మంచం పక్కన నేల మీద కూర్చుంది. తన మొగుడు గణపతి సంగతి నాకు తెలిసిందే. ప్రసన్న పంపిన డబ్బుతో శ్లాబు వేసిన ఇంట్లో ఇంకో ఆవిణ్ని తెచ్చి పెట్టుకున్నాడు. పెద్దమనుషులు కూర్చుని ఇద్దరూ సర్దుకుని ఉండమన్నారు.

"పిన్నీ, ఈ పని పోతే నేను దిగాల్సింది ఆ గుమ్మంలోనే. దానికి నీళ్లు తోడిపెట్టాలి నేను. నాకొద్దు. నువ్వెలాగూ ఏడాదో రెండేళ్లో సేసి ఎల్లిపోతావు. నన్ను ఎల్లనీ" అంది.

ఎవరు వెళ్లాలో చెప్పేది నేను కాదుగా అన్నాను.

అప్పటి నుంచి ప్రసన్న రోజూ కొత్త మాటలు అడిగేది. చెప్పేదాన్ని. చీపురు, బకెట్టు, చేపలు తోమడం, గంజి, మంచం దుప్పటి మార్చడం, లిఫ్టు, మార్కెట్టు, ఎంత, తగ్గించు, పని అయిపోయింది. ఇవన్నీ చెప్పాను. వెనక పేజీల వైపు మాత్రం వెళ్లలేదు. అవి పనికి సంబంధించినవి కావు, ఫోఫోకూ నాకూ మధ్యవి, అని నాకు నేను చెప్పుకున్నాను. నిజానికి అవి నా చేతిలో మిగిలిన ఆధారం. అవి కూడా చెప్పేస్తే ఇక నా దగ్గర ఏముంది?

మేలో ఒక శుక్రవారం మేడమ్ నన్ను కావాలనే మనామా తీసుకెళ్లి సాయంత్రం దాకా తిప్పింది. ఫోఫోను ప్రసన్నకు వదిలింది. తిరిగి వచ్చేసరికి ఫోఫో తల దువ్వించుకుని, ఉతికిన చొక్కా వేసుకుని, నారింజ తొనలు తింటోంది. ప్రసన్న ఆవిణ్ని ఒక్కతే ఎత్తి కుర్చీలో కూర్చోబెట్టిందట. మేడమ్ ఏదో అడిగితే ఫోఫో బొటనవేలు ఎత్తి చూపింది. ఆ రోజు ఆవిడకు ఎక్కడా నొప్పి రాలేదు. వచ్చి ఉంటే అప్పుడే అంతా బయటపడేది.

మర్నాడు మేడమ్ నాతో మెత్తగానే చెప్పింది. నీకు మాటలు ఎక్కువ తెలుసు వీరవేణీ, కానీ నీ మోకాళ్లు బాగాలేవు. అమ్మను ఎత్తి దించడానికి వయసులో ఉన్న మనిషి కావాలి. మాటలంటావా, ప్రసన్నకూ వచ్చు కదా, నువ్వే నేర్పావు కదా. నాకు మెచ్చుకోలుగా చేతి గడియారం ఒకటి ఇచ్చింది. తోచె అన్నాను.

ఆ తర్వాత ఇరవై రోజులు ఉన్నాయి. ఇరవై రోజుల్లో ఆ వెనక పేజీలు చెప్పడానికి ఒక గంట చాలు. ఏ పూటకాపూట రేపు చెబుదామనుకున్నాను. చెప్పేదాన్నే అనుకుంటాను. కానీ ప్రతి మధ్యాహ్నం ఫోఫో కాళ్లు పడుతుంటే ఇంకో ఆలోచన వచ్చేది. అక్కడికి వెళ్లాక ఆవిడకు ఒంట్లో బాగోదు. చెబితే ప్రసన్నకు తెలియదు. వీరవేణి ఏది, వీరవేణిని పిలిపించండి అంటుంది. మేడమ్ నాకు టిక్కెట్టు పంపుతుంది. ఎవరికీ ఏ హానీ జరగకుండా, నా అవసరం మాత్రం తెలిసివస్తుంది. ఇలాగే అనుకున్నాను. అంతకు మించి అనుకోలేదు. మేడమ్‌కైనా ఒక ముక్క చెప్పవచ్చు కదా, ఈ పిల్లకు ఆ మాటలు రావు అని. చెప్పలేదు.

క్యాసెట్టు ఆలోచన ప్రసన్నదే. ఇంటికి ఉత్తరం బదులు క్యాసెట్టు పంపుకునే పద్ధతి మా వాళ్లందరికీ ఉండేది. నీ పుస్తకం నాకు చదవరాదు గదా, నీ గొంతులో ఎక్కించి ఇయ్యి, అంది. నర్సింగ్ సిత్రా వెళ్లినప్పుడు ఖాళీ క్యాసెట్టు తెచ్చిచ్చాడు. గదిలో టేపురికార్డరు ముందు కూర్చుని పుస్తకం మొదటి పేజీ నుంచి చదివాను. ప్రసన్న పక్కన కూర్చుని బుగ్గ మీద చెయ్యి పెట్టుకుని విన్నది. ఒక వైపు అయిపోయి మీట టక్కుమని లేచింది.

"పిన్నీ, ఆ ముసలమ్మకి ఒంట్లో బాగోనప్పుడు ఏదో అంటాది గదా, నీ సెయ్యి అట్టుకుని. అయ్యి కూడా పెట్టు" అంది.

పుస్తకం నా ఒళ్లోనే ఉంది. వెనక్కి తిప్పితే చాలు.

"అయ్యన్నీ నీకెందుకే? ఒంట్లో బాగోపోతే ముసలమ్మ మొకం సూత్తే తెల్దా? మేడమ్ ఉంటాది, డాక్టరుంటాడు. ఏవన్నా హో అను" అన్నాను.

"ఆయ్" అంది ప్రసన్న.

తను నమ్మిందో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. క్యాసెట్టు తీసి డబ్బాలో పెట్టుకుంది.

పెట్టె సర్దిన మర్నాడు విమానాశ్రయానికి నర్సింగ్ పికప్పులో సామాను వేసుకుని వచ్చాడు. నేను కంపెనీ వ్యానులో వాళ్లతో వెళ్లాను. ఫోఫో చక్రాల కుర్చీలో ఉంది. నా చెయ్యి పట్టుకుని, మాన్ మాన్ హాంగ్ అంది. నెమ్మదిగా నడు, అని. వాళ్లలో వెళ్లేవాళ్లకు చెప్పే మాట అది. వెళ్లేది ఆవిడ, చెప్పింది నాకు. ప్రసన్న ఏడవలేదు. పెట్టె చక్రాలు భలే తిరుగుతున్నాయి పిన్నీ అంది. పాసుపోర్టు ఎక్కడుంది అని నేను అడిగాను. మళ్లీ అడిగాను. మూడోసారి అడిగేసరికి తను లోపలికి వెళ్లిపోయింది.

నా వీసా రద్దవకుండా నర్సింగే తిరిగి తిరిగి, రిఫాలోనే ఒక బహ్రెయినీ టీచరమ్మ ఇంట్లో కుదిర్చాడు. నా వీసాకు పూచీ ఉండే కఫీల్ ఆమే, యజమానీ ఆమే. మంచి మనిషి. అక్టోబరులో హాంకాంగ్ నుంచి ఒక క్యాసెట్టు వచ్చింది. ప్రసన్న గొంతు. ఇల్లు అగ్గిపెట్టెంత ఉందట, పంతొమ్మిదో అంతస్తట, కిటికీలోంచి చూస్తే ఎదురింటి వాళ్ల బట్టలు చేతికి అందుతాయట. మార్కెట్లో బేరమాడితే చేపల ఆవిడ నవ్వి రెండు ఎక్కువ వేసిందట. ఆదివారం సెలవట. ముసలమ్మ నిన్ను అడుగుతుంది పిన్నీ అంది. ఆ ఒక్క మాటను నేను వెనక్కి తిప్పి తిప్పి విన్నాను. జవాబుగా క్యాసెట్టు ఎక్కించి పంపాను. అప్పుడైనా ఆ మాటలు ఎక్కించి ఉండవచ్చు. వాతావరణం గురించి, టీచరమ్మ పిల్లల గురించి చెప్పి ఊరుకున్నాను. టిక్కెట్టు వస్తుందేమోనని చూశాను.

1997 ఏప్రిల్ మొదటి వారంలో, మధ్యాహ్నం, ఫోన్ వచ్చింది. టీచరమ్మ నన్ను పిలిచి రిసీవరు చేతికిచ్చి లోపలికి వెళ్లింది. దూరం నుంచి వచ్చే ఫోనుల్లో మాట కాస్త ఆలస్యంగా చేరుతుంది. ప్రసన్న ఎలా ఉన్నావని అడగలేదు.

"పిన్నీ, ముసలమ్మ పోయింది" అంది.

కూర్చోవడానికి చుట్టూ చూశాను. ఏమీ లేదు, గోడ పట్టుకున్నాను.

చెప్పుకుంటూ పోయింది. అంతకు ముందు వారం, సారు, మేడమ్ పనికి వెళ్లాక, పన్నెండింటికి ముసలమ్మ ఛాతీ మీద చెయ్యి వేసుకుని ఏదో అందట. తను హో అని శాలువా కప్పిందట. మళ్లీ అందట. హో అని తైలం రాసిందట. వేడినీళ్లు ఇచ్చిందట. ఆవిడ ఎప్పుడూ అరిచే మనిషి కాదు కదా. నాలుగైదుసార్లు అని, తర్వాత ఊరుకుని తలుపు వైపు చూస్తూ కూర్చుందట. ఎవరో వస్తారన్నట్టు. ఎవరికోసం చూస్తోందో తనకు తెలియలేదట. రాత్రి ఏడింటికి మేడమ్ వచ్చి చూసి కేక పెట్టిందట. ఆసుపత్రిలో మూడు రోజులుంది.

"నేను హో అన్నానని, ఫోను సేసేశాననుకుందంట పిన్నీ. డాక్టరు వత్తన్నాడు అనుకుని కూకుందంట. మేడమ్‌కి సెప్పిందంట ఆసుపత్రిలో."

రిసీవరు ఇంకో చెవికి మార్చుకున్నాను.

"సమ్‌హావ్ తుంగ్ అంటే ఏంటి పిన్నీ?"

రాగం ఒక్క వెంట్రుక తప్పలేదు. ఫోఫోయే అన్నట్టుంది.

"నీకు తెలుసంట గదా" అంది ప్రసన్న. "బెహరీన్‌లో ఆ ఇంకొకావిడికి నేర్పాను, ఆవిడైతే ఎంటనే ఫోను సేసేది, అందంట ముసలమ్మ. మేడమ్ నన్ను ఒక్కటే అడిగింది, ఆవిడ నీకెందుకు సెప్పలేదు అని. నాకేం సెప్పాలో తెల్లేదు. అందుకని నిన్ను అడుగుతున్నాను."

నిజం చెప్పడానికి నాకు అంత సమయం మళ్లీ దొరకలేదు. ఫోను తీగలో సముద్రం లాంటి చప్పుడు. వంటింట్లో టీచరమ్మ గిన్నె పెట్టిన శబ్దం.

"మర్సిపోయానే" అన్నాను.



"మర్సిపోయేదానివి కాదు పిన్నీ నువ్వు. నా పాసుపోర్టు ఎక్కడుందో నాకన్నా నీకే ఎక్కువ తెలుసు."

కోపంగా అనలేదు. పని విషయం ఏదో చెబుతున్నట్టు అంది. తర్వాత మిగతావి చెప్పింది. కాంట్రాక్టు రద్దు చేశారు. మేడమ్ తిట్టలేదు, కొట్టలేదు, టిక్కెట్టు చేతిలో పెట్టింది. పదమూడు రోజుల్లో మద్రాసు విమానం. తమ్ముడు లోవరాజు వస్తాడు తీసుకెళ్లడానికి. ఎక్కడికి తీసుకెళ్తాడని నేను అడగలేదు. ఆ గుమ్మం నాకు తెలుసు.

"ఇంకో ఇల్లు సూసుకోలేవా?" అన్నాను.

"ముసలోళ్లని సంపిన పిల్లకి ఎవరిత్తారు పిన్నీ ఇల్లు" అంది. ఫోను పెట్టేసింది.

ఆ తర్వాత నేను ఆ ఇంటి నెంబరుకు ఫోన్ చేయించాను. మొదటిసారి ఎవరూ ఎత్తలేదు. రెండోసారి మేడమ్ ఎత్తింది. నా గొంతు గుర్తుపట్టి, నువ్వు బాగున్నావా వీరవేణీ అని అడిగింది. ఫోఫో గురించి నేను ఏదో అనబోతే, దయచేసి వద్దు అంది. ప్రసన్న ఆదివారమే వెళ్లిపోయిందని, విమానం రోజు దాకా స్నేహితురాలి దగ్గర ఉంటానందని చెప్పింది. ఆ స్నేహితురాలు ఎవరో మేడమ్‌కు తెలియదు, నాకూ తెలియదు.

నర్సింగ్‌కు మాత్రం జరిగిందంతా చెప్పాను. ఎవరికో ఒకరికి చెప్పకపోతే గుండె పగిలేలా ఉంది. అతను పికప్పు తలుపుకు ఆనుకుని విన్నాడు. ఏదో ఓదార్పు మాట అంటాడని చూశాను.

"నేను నేర్సుకున్న తిట్లే నయం అక్కా. గవి ఎవలకు జెప్పినా, జెప్పకున్నా ఎవలకేం కాలే" అన్నాడు. ఆ తర్వాత టీచరమ్మ ఇంటికి ఏదైనా తెచ్చినా గుమ్మం దగ్గరే పెట్టి వెళ్లేవాడు.

1999లో నేను బహ్రెయిన్ వదిలి వచ్చేశాను. వచ్చిన వారానికి ప్రసన్న వాళ్ల ఊరు వెళ్లాను. వాళ్లమ్మ వీరదుర్గ నాకు కుర్చీ వేసి, మజ్జిగ ఇచ్చి, ఎదురుగా నేల మీద కూర్చుంది. మద్రాసులో లోవరాజు రెండు రోజులు విమానాశ్రయం బయట ఉన్నాడని చెప్పింది. ఒకరు మకావ్‌లో చూశామన్నారు. ఒకరు సింగపూరన్నారు. ఒకరు ఇంకేదో అన్నారు, అది ఆవిడ నాతో చెప్పలేదు. మొగుడు గణపతి అసలు వెతకలేదు.

నీతో ఫోనులో మాటాడింది గదమ్మా, నీకేవన్నా సెప్పిందా, అని అడిగింది ఆవిడ. ఏమీ చెప్పలేదన్నాను. నువ్వంటే పేణం దానికి, ప్రతి క్యాసెట్టులోనూ నీ మాటే, అంది. మజ్జిగ గ్లాసు కింద పెట్టి, బస్సుకు వేళైందని లేచాను.

లక్ష్మిప్రసన్న ఎక్కవలసిన విమానం 1997 ఏప్రిల్ పంతొమ్మిది, శనివారం, మద్రాసులో దిగింది. అందులో ప్రసన్న లేదు. ఆ తర్వాత ఏ విమానంలోనూ రాలేదు.